పిల్లవాడి చేతికి తాళంచెవి

వెనుకటి రోజుల్లో ఇంటికి ఎన్ని తాళాలున్నా చెవుల గుత్తి ఒక్కటే. అది ఇల్లాలి బొడ్డున వేలాడేది. భోషాణం చెవి, బీరువా చెవి, వీధి తలుపు చెవి అన్నీ ఆ గుత్తిలోనే. పదిహేనేళ్ళ పిల్లవాడికి సొంతంగా తాళమంటూ ఒకటి వుంటే అది సైకిలు తాళం. దాని చెవి పోతే వీధి చివర సైకిలుషాపతను సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. కథ అంతటితో సరి.

ఇప్పుడా పదిహేనేళ్ళ పిల్లవాడికి, తెలిసో తెలియకో, అరడజను తాళాలున్నాయి. ఈమెయిలుకు ఒకటి, స్కూలు వెబ్‌సైటుకు ఒకటి, స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఒకటి, ఆటలకు రెండు. ఇంటర్మీడియట్ దాటేసరికి ప్రవేశ పరీక్షకు ఒకటి, కాలేజీ సీటుకు మరొకటి. వీటి చెవి ఇనుముతో పోతపోసింది కాదు, ఒక మాట. దాన్నే పాస్‌వర్డు అంటున్నాం. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడమని పిల్లలకు చెబుతాం. రైల్లో ఎవరైనా బిస్కట్లు పెడితే తినవద్దని చెబుతాం. ఈ మాటను ఎలా ఎంచుకోవాలో, ఎలా దాచుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. "కాస్త కష్టమైనది పెట్టుకోరా" అని ఊరుకుంటాం.

నేను లెక్కల మాస్టారిని. మూడేళ్ళుగా తొమ్మిది, పది తరగతుల పిల్లలకు శనివారం చివరి పీరియడు ఈ పాఠం చెబుతున్నాను. లెక్కల మాస్టారికి ఇందులో పనేమిటని మొదట్లో స్టాఫ్ రూములో నవ్వారు. ఇది కంప్యూటరు పాఠం కానే కాదు. సగం లెక్క, సగం మర్యాద.

తాళమూ దొంగతనమూ కవలలు

పిల్లలకు ముందు కథ చెప్పాలి. కంప్యూటరుకు పాస్‌వర్డు పెట్టటం 1961 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొదలైంది. ఫెర్నాండో కోర్బాటో అనే శాస్త్రజ్ఞుడు ఒకే పెద్ద కంప్యూటరును అనేకమంది పంచుకొనే ఏర్పాటు చేశాడు. ఎవరి కాగితాలు వారికే దక్కాలి గనుక మనిషికొక రహస్యపు మాట పెట్టాడు.

మరుసటి ఏడాదే, 1962లో, ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తనకిచ్చిన గంటలు చాలలేదు. పాస్‌వర్డులన్నీ దాచిన పట్టికను అచ్చువేయమని ఆ కంప్యూటరునే అడిగాడు. అది బుద్ధిగా అచ్చువేసి యిచ్చింది! ఇక ఎవరి గంటలైనా అతనివే. ఈ సంగతి చాలా ఏళ్ళ తరువాత అతనే బయటపెట్టాడు. ఆ దశాబ్దంలోనే మరోసారి, కంప్యూటరు తెరవగానే కనిపించవలసిన "నేటి ప్రకటన" స్థానంలో పొరపాటున పాస్‌వర్డుల పట్టిక వచ్చి కూర్చున్నది. ఆ మధ్యాహ్నం లోపలికి వచ్చిన ప్రతివాడికీ అందరి రహస్యాలూ దర్శనమిచ్చాయి.

ఇక్కడ క్లాసంతా గొల్లుమంటుంది. ఆ నవ్వు ఆగాక అడుగుతాను: "ఇందులో పాస్‌వర్డు పెట్టుకొన్నవాడి తప్పేమిటి?" ఏమీ లేదు. మాట దాచవలసిన ఇంటివాడి దగ్గరే అది పోయింది. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే తరువాత పాఠమంతా సులువు.

ఆ అనుభవాలతో పెద్దలకు బుద్ధి వచ్చింది. అసలు మాటను దాచకూడదనీ, దాన్ని పిండి చేసి ఆ పిండినే దాచాలనీ తేల్చారు. బియ్యం మరలో పోస్తే పిండి వస్తుంది గాని, పిండిని తిప్పి పోస్తే బియ్యం రాదు గదా! మీరు మాట కొట్టగానే వెబ్‌సైటు దాన్ని మళ్ళీ పిండి చేసి, తన దగ్గరున్న పిండితో పోల్చి చూస్తుంది. దొంగ పట్టిక ఎత్తుకుపోయినా వాడికి దక్కేది పిండే. అప్పుడు వాడేం చేస్తాడు? తనకు తోచిన మాటలన్నీ ఒక్కొక్కటే మరలో పోసి, ఏ పిండి దేనితో సరిపోతుందో చూసుకుంటాడు. వాడి కంప్యూటరుకు అలుపు లేదు. కొన్ని రకాల పిండిని సెకనుకు వందల కోట్లసార్లు ఆడించి చూసే యంత్రాలు ఇప్పుడున్నాయి.

అందరి బుర్రా ఒకటే

అయితే దొంగకు అంత శ్రమ ఎందుకు? ఇది చూపించటానికి క్లాసులో ఒక ఆట పెడతాను. పిల్లల అసలు పాస్‌వర్డు మాత్రం ఎన్నడూ అడగను. అడగటమే మొదటి తప్పు పాఠం అవుతుంది. ఊహకు ఒక పిల్లవాణ్ణి కల్పించి, వాడి పేరు, పుట్టిన తేదీ, చెల్లెలి పేరు, అభిమాన నటుడు, ఇంటి కుక్క పేరు బోర్డు మీద రాస్తాను. "వీడి పాస్‌వర్డు ఏమై వుంటుందో చెప్పండి" అంటాను. అయిదు నిమిషాల్లో బోర్డు నిండిపోతుంది. పేరు పక్కన ఒకటి రెండు మూడు. చెల్లెలి పేరు పక్కన పుట్టిన సంవత్సరం. నటుడి పేరు మొదటి అక్షరం పెద్దది, చివర ఒక ఆశ్చర్యార్థకం. ఒకసారి రెండో బెంచీలో కుర్రవాడు "మాస్టారూ, అందులో నాలుగోది నాదండీ!" అని అరిచి చప్పున నోరు మూసుకొన్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మార్చుకొమ్మన్నాను. మార్చుకొన్నాడు.

ఇది మన పిల్లల తెలివితక్కువతనం అనుకోవద్దు. 1979లో బెల్ లాబరేటరీస్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థామ్సన్ 3,289 పాస్‌వర్డులు పరిశీలించారు. వాటిలో 2,831, అంటే నూటికి 86, మరీ పొట్టివో, నిఘంటువుల్లోనూ పేర్ల జాబితాల్లోనూ దొరికేవో! ముప్ఫై ఏళ్ళు గడిచాక 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి మూడు కోట్ల ఇరవై లక్షల పాస్‌వర్డులు బయటపడ్డాయి. ఆ కంపెనీ వాటిని పిండి కూడా చేయలేదు, బియ్యంగానే మూట కట్టింది. అందులో రెండు లక్షల తొంభై వేలమంది పెట్టుకొన్న మాట ఒకటే: 123456. ఎవరికి వారు తాము తెలివిగా తాళం వేశామనే అనుకొని వుంటారు.

తోచిన మాట రహస్యం కాదు. మనకు తోచినది పక్కవాడికీ తోస్తుంది. "మరి పద్యపాదం పెట్టుకోవచ్చా మాస్టారూ?" అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. కాని లక్షలమందికి కంఠతా వచ్చింది రహస్యమెలా అవుతుంది? సినిమా పాటైనా అంతే. అటువంటివన్నీ దొంగలు ముందే జాబితా రాసి పెట్టుకొంటారు.

పాచికలు వేసి మాట కట్టటం

ఇక లెక్క. దొంగ యంత్రం సెకనుకు వంద కోట్ల మాటలు ప్రయత్నిస్తుందని అనుకొందాం. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలను చీట్లు తీసినట్టు తీసి మాట కడితే, కాగల మాటలు 20,882 కోట్లు. వినటానికి గొప్పగానే వుంది. భాగించి చూడండి: మూడున్నర నిమిషాల పని! ఆ ఎనిమిదింటిలోనే పెద్ద అక్షరాలు, అంకెలు, చుక్కలు, గీతలు కీబోర్డు మీద వున్నవన్నీ కలిపితే డెబ్భై రోజులు. అవేవీ లేకుండా కేవలం చిన్న అక్షరాలనే పన్నెండు చేస్తే మూడేళ్ళు. అంటే వంకరటింకర గుర్తులకన్నా పొడుగే బలం. ఈ లెక్క పిల్లలచేతే చేయిస్తాను. ఇరవై ఆరును ఇరవై ఆరుతో పదకొండుసార్లు హెచ్చవేసిన పిల్లవాడు ఈ సంగతి జన్మలో మరిచిపోడు.

మరి "ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు వుండి తీరాలి, మూడు నెలలకొకసారి మార్చాలి" అని అన్ని చోట్లా ఎందుకు సతాయించారు? 2003లో అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థలో బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన సలహాల నుంచి ఈ సంప్రదాయం చాలావరకు వ్యాపించింది. జనం ఏం చేశారు? పెద్ద అక్షరం మొదట పెట్టారు, అంకె చివర పెట్టారు, మార్చమన్నప్పుడల్లా ఒకటిని రెండు చేశారు. 2017లో, ఉద్యోగం విరమించిన తరువాత, తాను చెప్పినదానిలో చాలాభాగానికి విచారిస్తున్నానని ఆయనే ఒక పత్రికతో అన్నాడు. అదే ఏడాది ఆ సంస్థ సలహాలు తిరగరాసింది: పొడుగు ముఖ్యం, గుర్తులకోసం బలవంతం వద్దు, బయటపడిందనే అనుమానం వుంటే తప్ప ఊరికే మార్చమనవద్దు.

పొడుగూ కావాలి, ఎవరికీ తోచనిదీ కావాలి, మనకు జ్ఞాపకమూ వుండాలి. దీనికి 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన పాచికలతో ఉపాయం చెప్పాడు. 7,776 మాటల జాబితా ఒకటి తయారుచేసి, పాచికలు వేసి, పడిన అంకెనుబట్టి మాట తీసుకొమ్మన్నాడు. మా క్లాసులో దాన్ని తెలుగులో చేసుకొన్నాం. నాలుగు పాచికలు వేస్తే 1,296 రకాలుగా పడతాయి కనుక 1,296 మాటలు కావాలి. నలభైమంది పిల్లలు తలకు నలభై మాటలు తెచ్చారు. గొడుగు, నత్త, తిరగలి, పకోడి, రిక్షా, మెంతులు. ఒకటికి రెండుసార్లు వచ్చినవి కొట్టివేసి, 1,296 మిగిల్చి, వరస అంకెలు వేసి గోడకు అంటించాం. వైకుంఠపాళి పాచికను ఒక్కొక్క మాటకు నాలుగుసార్లు వేయాలి. అలా ఆరు మాటలు కట్టి, వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాలి.

జాబితా అంటించిన రోజునే ఒక చురుకైన పిల్ల లేచి, "గోడమీద వుంటే దొంగ చూడడా మాస్టారూ?" అని నిలదీసింది. చూడనీ! మా లెక్కలో వాడిచేతికి జాబితా ఇచ్చేశాకే మొదలుపెట్టాం. ఆరు మాటల వరసను పట్టుకోవటానికి, సెకనుకు వంద కోట్ల చొప్పున, అన్నీ ప్రయత్నించేసరికి నూట యాభై ఏళ్ళు పడుతుంది. రహస్యం మాటల్లో లేదు, పాచిక పడిన తీరులో వుంది. అందుకే, "ఈ మాట బాగా లేదు, ఇంకోటి వేస్తాను" అనటానికి వీల్లేదు. నచ్చినది ఏరుకోవటం మొదలుపెడితే మళ్ళీ మన బుర్రే పనిచేసినట్టు.

జ్ఞాపకం సంగతి పిల్లలకు వదిలేయండి. నత్త ఒకటి గొడుగు పట్టుకొని, రిక్షా దిగి, తిరగలి పక్కన కూర్చుని, మెంతులు చల్లిన పకోడి తింటున్నట్టు బొమ్మ గీశాడొకడు. ఇక దాన్నెలా మరిచిపోతాడు? (ఈ వరస పత్రికలో అచ్చయింది గనుక ఇకమీదట ఎవరికీ పనికిరాదని మనవి!)

అన్ని గదులకూ ఒకే చెవి

ఇంత కష్టపడి కట్టిన మాటను పది చోట్ల పెడితే వృథా. ఎక్కడో ఒక చిల్లర ఆటల వెబ్‌సైటు దాన్ని పోగొడుతుంది. దొంగ ఆ చెవి పట్టుకొని తిన్నగా ఈమెయిలు తలుపు దగ్గరకు వస్తాడు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి పాస్‌వర్డులు దొంగిలించారు. నాలుగేళ్ళ తరువాత, 2016లో, ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్‌గారి ట్విట్టర్, పింటరెస్ట్ ఖాతాల్లోకి ఎవరో దూరారు. లింక్డ్‌ఇన్‌లో పెట్టుకొన్న మాటనే ఆయన అక్కడా వాడాడని పత్రికలు రాశాయి. లోకానికంతకూ ఖాతాలు తెరిపించినవాడి సంగతే అది.

"ఇన్ని మాటలు ఎవరికి గుర్తుంటాయండీ?" అని తల్లిదండ్రులు అడుగుతారు. గుర్తుండనక్కరలేదు. ఈమెయిలుది, బ్యాంకుది గుర్తుంటే చాలు. మిగతావాటికి పాస్‌వర్డుల పెట్టె లాంటి యాప్‌లు వున్నాయి. ఒక్క పెద్ద మాటతో తెరుచుకొనే బీరువా అనుకోండి. అదీ వద్దనుకుంటే నోటుపుస్తకంలో రాసి నిజం బీరువాలోనే పెట్టండి. ఎక్కడో ఖండాంతరంలో కూర్చున్న దొంగ మీ బీరువా తలుపు తీయలేడు. ఫోను కవరు వెనక చీటీ దోపటం మాత్రం గుమ్మం మీదే చెవి పెట్టి ఊరెళ్ళటం వంటిది.

చెవి ఎవరి బొడ్డున వుంది?

ఇంతవరకూ దూరపు దొంగల మాట. మన ఊళ్ళలో దగ్గరివాళ్ళ వల్ల జరిగే నష్టమే ఎక్కువ బాధ పెడుతుంది.

ఇంజనీరింగు సీట్లకు మన రెండు రాష్ట్రాల్లోనూ వెబ్ కౌన్సెలింగు నడుస్తుంది. పిల్లవాడు తన పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళి, తనకు కావలసిన కాలేజీలు వరసగా పెట్టుకోవాలి. ఎవరికీ పాస్‌వర్డు చెప్పవద్దని అధికారులు మొత్తుకొంటూనే వుంటారు. నా పాత శిష్యుడొకడు, తండ్రి చిన్న కిరాణా వ్యాపారి, నాలుగు రాత్రులు కూర్చుని కాలేజీల వరస కాగితం మీద రాసుకొన్నాడు. నెట్ సెంటరుకు వెళ్ళారు. అక్కడి కుర్రవాడు తానే పాస్‌వర్డు పెట్టి, తానే వరసంతా కొట్టి, "అయిపోయింది బాబాయ్, నిశ్చింతగా వెళ్ళండి" అన్నాడు. సీట్ల పట్టిక వచ్చిన రోజున చూస్తే, వీళ్ళ కాగితం మీద ఎక్కడా లేని కాలేజీ పేరు పడింది. గడువు లోపల ఎవరో లోపలికి వెళ్ళి వరస మార్చారు. తాళం పగలలేదు. చెవితోనే తీశారు.

ఆ తండ్రి నా దగ్గరకు వచ్చి, కాగితం మడతలు విప్పి బల్లమీద పెట్టి, "మేము రాసింది ఇదండీ మాస్టారూ" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. చివరి విడతలో కొత్త పాస్‌వర్డుతో, వాడిచేతే అన్నీ కొట్టించాం. సీటు వచ్చింది. మొదటి విడతలో అందవలసిన కాలేజీ మాత్రం కాదు.

పాస్‌వర్డు మనది కావటం ఒక ఎత్తు, ఖాతాకు కట్టిన ఫోను నంబరూ ఈమెయిలూ మనవి కావటం మరో ఎత్తు. "పాస్‌వర్డు మరిచిపోయాను" అని నొక్కితే కొత్త చెవి ఆ నంబరుకే పోతుంది. అది నెట్ సెంటరువాడిదైతే ఖాతా వాడిదే. రెండంచెల తాళం, అంటే పాస్‌వర్డు తరువాత ఫోనుకు వచ్చే అంకెలు కూడా అడిగే ఏర్పాటు, ఎక్కడ దొరికితే అక్కడ పెట్టించండి. ఆ అంకెలు ఎవరు అడిగినా చెప్పకూడదు. బ్యాంకునుంచి అన్నా, స్కూలునుంచి అన్నా, మేనమామ గొంతుతో అడిగినా సరే.

మరొక చిత్రం వుంది. కొన్ని చోట్ల రహస్య ప్రశ్నగా "మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు" అడుగుతారు. ఏ దేశంలో అది రహస్యమో గాని, మనవైపు ఇరువైపుల ఇంటిపేర్లూ శుభలేఖ మీద అచ్చువేసి ఊరంతా పంచుతాం! అటువంటి ప్రశ్నకు నిజం జవాబు రాయకండి. పాచిక వేసి ఏదో ఒక మాట రాసి పుస్తకంలో గుర్తు పెట్టుకోండి. అలాగే, చాలాచోట్ల మొదట యిచ్చే పాస్‌వర్డు పుట్టిన తేదీయే అయివుంటుంది. అంకెలు ఎనిమిది వున్నా పుట్టినరోజు సంవత్సరంలో 366లో ఒకటే గదా! చేతికి వచ్చిన రోజునే మార్చాలి.

మిగతా సగం: మర్యాద

ఇతరుల ఉత్తరం విప్పి చదవకూడదని మన పెద్దలు నేర్పారు. ఎవరైనా పాస్‌వర్డు కొడుతుంటే తల పక్కకు తిప్పుకోవటం కూడా ఆ కోవలోదే. మా క్లాసులో ఇప్పుడది అలవాటైంది. "నిజంగా స్నేహితురాలివైతే నీ పాస్‌వర్డు చెప్పు" అనే పరీక్ష ఆడపిల్లల మధ్య బాగా వుంది. చెప్పకపోవటం స్నేహానికి ద్రోహం కాదని, అడగటమే మొరటుతనమని గట్టిగా చెబుతాను. స్నేహం ఆర్నెల్లకు చెడవచ్చు, చెప్పిన మాట తిరిగిరాదు. మరొకరి పాస్‌వర్డును దురుద్దేశంతో వాడటం సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద నేరం. మూడేళ్ళవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా. తమాషాకు చేశానంటే మేజిస్ట్రేటు నవ్వడు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. చిన్నపిల్లల ఖాతాల చెవి మీ దగ్గర వుండటం న్యాయమే. పెద్దపిల్లలైతే కవరులో పెట్టి అంటించి ఇమ్మనండి. అవసరం పడితే తప్ప విప్పనని మాట యివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎప్పుడైనా ఖాతా పోయిందని పిల్లవాడు వచ్చి చెబితే ముందు తిట్టకండి. తిట్లకు భయపడి రెండు రోజులు దాచిపెట్టిన సంగతే పెద్ద నష్టమవుతుంది. ముందు పాస్‌వర్డు మార్చండి. డబ్బు పోయివుంటే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆపటానికి అంత ఆస్కారం.

వేలిముద్రతోనో ముఖంతోనో ఫోను తెరిచి పని జరుపుకొనే పాస్‌కీలు వచ్చాయి. కొన్నాళ్ళకు ఈ మాటల బెడదే తగ్గవచ్చు. అంతవరకూ ఆగవలసిన పని లేదు. ఈ ఆదివారం భోజనాలయ్యాక ఇంట్లో వైకుంఠపాళి పాచిక వెతకండి. పిల్లలు మాటలు చెబుతారు, మీరు రాయండి. ముందు ఈమెయిలు తాళం మార్చండి, ఎందుకంటే మిగతా చెవులన్నీ దానిలోనే వున్నాయి. దానికి కట్టిన ఫోను నంబరు ఎవరిదో చూడండి. ఆ పని పిల్లవాడి చేతే చేయించి, వాడు మాట కొడుతున్నంతసేపూ మీరు కిటికీవైపు చూడండి.